ప్యూర్టోరికో: డిసెంబరులో నాలుగు రోజులకు ఏవి ఉంచాలి, ఏవి వదలాలి

కరీబియన్ సముద్రంలోని అమెరికా దీవి ప్యూర్టోరికోలో, పిల్లలతో నాలుగు రోజుల్లో రాజధాని శాన్ హువాన్, పడమటి తీరంలోని రింకోన్, దక్షిణాన ఉన్న పోన్సే నగరం, తూర్పున ఉన్న చిన్న దీవి కులేబ్రా అన్నీ కుదురుతాయా అన్నారు. కుదరవండీ. ముందు రింకోన్ తీసెయ్యండి. చలికాలంలో అట్లాంటిక్ అలలు అక్కడ ఎత్తుగా లేస్తాయి. సర్ఫింగ్ వాళ్లకు పండగే గానీ పిల్లలకు ప్రమాదం. బదులు లుకియో బీచ్‌కి వెళ్లండి, పగడపు దిబ్బ అడ్డం ఉండటంతో నీళ్లు నిలకడగా ఉంటాయి.

కులేబ్రాకి ఫెర్రీ తూర్పు తీరంలోని సేబా రేవు నుంచి. టికెట్లు ముందే కొనాలి. అద్దెకారును ఫెర్రీ ఎక్కించడానికి కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు, రేవులోనే పార్క్ చెయ్యండి. కులేబ్రాలోని ఫ్లమెంకో బీచ్‌లో అమెరికా నేవీ వదిలేసిన తుప్పు ట్యాంకు, ఒళ్లంతా రంగులతో, ఇసుకలోనే ఉంటుంది, పిల్లల్ని ఎక్కనివ్వకండి.

పాత శాన్ హువాన్‌కు పూర్తిగా ఒక రోజు. 1539లో మొదలైన ఎల్ మోరో కోటకి పొద్దున్నే వెళ్లండి, ముందున్న మైదానంలో నీడ ఉండదు. అదే టికెట్‌తో శాన్ క్రిస్టోబాల్ కోట కూడా చూడొచ్చు. పోన్సే ఈసారికి వద్దు.