రాత్రి తిమ్మిరికి క్రోషే హుక్ మారిస్తే సరిపోదు, ముందు ఆ నొప్పి బిళ్ళలు డాక్టరుకి చూపించండి

ప్రశ్న: నాకు 53 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను, బీపీకి ఇంకో మాత్ర. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది, రెండు నెలల్లో డెలివరీ. పుట్టబోయే బిడ్డ కోసం గ్రానీ స్క్వేర్స్‌తో, అంటే క్రోషే హుక్‌తో ఊలు అల్లే చదరపు ముక్కలతో, దుప్పటి అల్లుతున్నాను. నాలుగంగుళాల చదరాలు 80 కావాలి, 50 అయ్యాయి. కుడి బొటనవేలి మొదట్లో నొప్పి. రాత్రి మూడింటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మందుల షాపులో ఇచ్చిన నొప్పి బిళ్ళలు రెండు నెలలుగా వేసుకుంటున్నాను, బానే పనిచేస్తున్నాయి. ఆన్‌లైన్‌లో మెత్తటి పిడి ఉన్న ఎర్గోనామిక్ (చేతికి శ్రమ తగ్గించేవట) హుక్స్ చూశాను. ఏది కొనమంటారు, ఎంత సైజు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: హుక్ సంగతి చివర్లో చెప్తానమ్మా, ముందు ఆ బిళ్ళల సంగతి తేల్చాలి. రెండు నెలలుగా వేసుకుంటున్నారు, పేరు మాత్రం రాయలేదు. మీకు తెలిసి ఉండకపోవచ్చు కూడా. చాలా షాపుల్లో స్ట్రిప్పులోంచి కత్తిరించి ఒక తెల్లది, ఒక పచ్చది, ఒక చిన్న గుండ్రటిది కాగితంలో పొట్లం కట్టి, పొద్దున ఒకసారి రాత్రి ఒకసారి అని చెప్పి పంపేస్తారు. పేరు ఉండే ముక్క షాపులోనే ఉండిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ల చేతిసంచుల్లో ఇలాంటి పొట్లాలు రోజూ చూస్తాను. వాటిలో ఒకటి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర, ఒకటి గ్యాస్‌కి, ఆ చిన్న బిళ్ళ చాలాసార్లు స్టెరాయిడ్. మీ పొట్లంలో ఏముందో చూడకుండా చెప్పలేను, కానీ రెండు నెలలుగా ‘బానే పనిచేస్తున్నాయి’ అంటే నాకు ముందు ఆ అనుమానమే వస్తుంది.

స్టెరాయిడ్ వేసుకుంటే నొప్పి నిజంగానే తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, మొహం కాస్త నిండుగా కనిపిస్తుంది, అందుకే జనం వదలరు. షుగరు ఉన్నవాళ్లకి మాత్రం అది షుగరుని బాగా పెంచేస్తుంది. ఈ రెండు నెలల్లో ఒక్కసారైనా షుగరు చూపించుకున్నారా? అదీ రాయలేదు. స్టెరాయిడ్ లేదనుకున్నా, మామూలు నొప్పి మాత్రలే నెలల తరబడి పడితే బీపీ పెరుగుతుంది, మీరు వేసుకునే బీపీ మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు, కిడ్నీల మీద భారం పడుతుంది, కడుపులో పుండు పడి రక్తం పోవచ్చు. విరేచనం తారులా నల్లగా అవుతుంటే, కాళ్లకు వాపు వస్తుంటే, మూత్రం తగ్గితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఈ మాట జాగ్రత్తగా చదవండి. భయపడి రేపటి నుంచి అన్నీ మానేయకండి. రెండు నెలలు బయటి నుంచి స్టెరాయిడ్ అందితే, ఒంట్లో సహజంగా తయారయ్యేది తగ్గిపోయి ఉండొచ్చు. అప్పుడు ఠక్కున ఆపేస్తే విపరీతమైన నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం లాంటివి వస్తాయి. మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, అది డాక్టరు చూస్తూ చేయాల్సిన పని. ఒకట్రెండు రోజుల్లో, మిగిలిన బిళ్ళలు పొట్లంతో సహా తీసుకుని మీ షుగరు డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాటి పేరేంటో షాపులో అడిగి రాయించుకోండి. కొనుక్కున్న మందు పేరు అడగడానికి మొహమాటం ఎందుకమ్మా?

ఇప్పుడు తిమ్మిరి. రాత్రి మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే తగ్గడం, ఈ రెండూ కలిస్తే మేము మొదట అనుమానించేది మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం, కార్పల్ టనెల్ అంటాం. మణికట్టులో ఒక ఇరుకు దారి ఉంటుంది, దానిలోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), ఒక నరం వెళ్తాయి. టెండన్లు కాస్త ఉబ్బినా నరానికి చోటు ఉండదు. బొటనవేలు, చూపుడు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం, ఈ భాగమే మొద్దుబారుతుంది, చిటికెనవేలు సాధారణంగా బాగానే ఉంటుంది. ఈ రాత్రి మెలకువ వచ్చినప్పుడు ఏ వేళ్లో గమనించి కాగితం మీద రాసుకోండి, మీ డాక్టరుకి అది చాలా ఉపయోగం. చిటికెనవేలు కూడా మొద్దుబారుతున్నా, మెడ నుంచి చేతిలోకి లాగుతున్నా కారణం వేరే కావచ్చు. రెండు కాళ్ల పాదాలు కూడా మంటగా, దూది మీద నడిచినట్టు ఉంటే అది షుగరు వల్లో, బీ12 తక్కువ కావడం వల్లో వచ్చే తిమ్మిరి కావచ్చు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో బీ12 తగ్గడం మామూలే.

షుగరు, థైరాయిడ్ తక్కువగా పనిచేయడం, నెలసరి ఆగే వయసు, ఇవన్నీ ఈ నరం జబ్బుకి దగ్గరి చుట్టాలు. కాబట్టి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), బీ12, క్రియాటినిన్ (కిడ్నీలకి) పరీక్షలు చేయించండి. తిమ్మిరి వారాల తరబడి ఉంది కాబట్టి నరాల పరీక్ష, అంటే నర్వ్ కండక్షన్ స్టడీ, అవసరమో లేదో చేతిని చూసిన డాక్టరు చెప్తారు.

ఆలస్యం చేయొద్దని ఎందుకంటున్నానంటే, మా ఓపీకి నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి లేసు పని చేసే ఆడవాళ్లు వస్తారు. అక్కడ దాదాపు 180 ఏళ్లుగా లేసు అల్లుతున్నారు, 2024లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు కూడా వచ్చింది, అల్లేవాళ్ల చేతుల గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. సన్నని స్టీలు సూది, సన్నని దారం, పీసుకి ఇంత అని కూలి, ఆపితే ఆ రోజు డబ్బు రాదు. ఒకావిడ పది నెలలు ఇలాంటి పొట్లాల మీదే నెట్టుకొచ్చి వచ్చారు. రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టించి చూస్తే కుడి చేతిలో బొటనవేలి కింద ఉండాల్సిన కండ కరిగి గుంట పడింది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడం రావట్లేదు అన్నారు. ఆపరేషన్ చేయించాక తిమ్మిరి పోయింది, ఆ కండ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. మీరు కూడా ఇప్పుడే రెండు అరచేతులు వెలుతురులో పెట్టి చూసుకోండి. తేడా కనిపించినా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, పగలు కూడా మొద్దుబారే ఉంటున్నా వారం కూడా ఆగొద్దు.

అక్కడిదాకా రాకపోతే రాత్రి మణికట్టుకు పట్టీ చాలామందికి పనిచేస్తుంది. సర్జికల్ షాపులో స్ప్లింట్ అని అడగండి, లోపల రేకు ఉండేది. కొన్నిటిలో ఆ రేకు చేతిని పైకి వంచేలా ఉంటుంది, దాన్ని తీసి చదునుగా వంచుకుని పెట్టుకోవాలి, మణికట్టు తిన్నగా ఉండాలి. బిగించి కట్టకండి. ఆరు వారాలు ప్రతి రాత్రీ పెట్టుకోవాలి, రెండు రోజులు చూసి పక్కన పడేయకండి.

బొటనవేలి మొదటి నొప్పి వేరే సంగతి కావచ్చు. ఆ కీలు అరుగుదలైనా, మణికట్టు పక్క టెండన్ వాపైనా కావచ్చు, చేత్తో నొక్కి చూస్తే తప్ప తేలదు. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ గంటసేపు బిగుసుకుపోతుంటే మాత్రం కీళ్లవాతం పరీక్షలు కూడా కావాలి.

ఇక మీరు అడిగిన హుక్. మొన్న ఒకావిడ సంచిలోంచి సగం అల్లిన గ్రానీ స్క్వేర్ తీస్తే, నా ముందే ఒక వరస అల్లమన్నాను. పెన్సిల్ పట్టినట్టు సన్నని అల్యూమినియం హుక్ పట్టుకున్నారు, బొటనవేలి కొస తెల్లబడేంత గట్టిగా. ఎడమ చిటికెనవేలికి ఊలు రెండు చుట్లు బిగించారు, వదిలాక ఎర్రటి గీతలు. మూలకి వచ్చినప్పుడల్లా మణికట్టు పూర్తిగా లోపలికి మడుస్తున్నారు. మీరూ అద్దం ముందు కూర్చుని ఒకసారి చూసుకోండి. సన్నటి పిడిని గట్టిగా గిల్లినట్టు పట్టుకోవడమే బొటనవేలికి చేటు. లావు పిడి, మెత్తటి పిడి మంచిదే, కానీ ఎర్గోనామిక్ అని రాసి ఉన్నంత మాత్రాన మీ చేతికి సరిపోతుందని లేదు, వీలైతే పట్టి చూసి కొనండి. హుక్ సైజు మాత్రం ఇప్పుడు మార్చకండి, 50 చదరాలు ఒక కొలతలో వచ్చాయి, సైజు మారిస్తే మిగిలిన 30 కలవవు. ఉన్న హుక్‌కే పిల్లల పెన్సిల్‌కి తొడిగే రబ్బరు గ్రిప్ తొడిగి చూడండి, లేదా మెత్తటి గుడ్డ పీలిక చుట్టండి. పెన్సిల్‌లా కాకుండా చాకు పట్టినట్టు పిడి మీద నుంచి పట్టుకోవడం కూడా ప్రయత్నించండి. మోచేతుల కింద దిండ్లు, ఊలు ఉండ లోపలి కొస నుంచి తేలిగ్గా లాగేలా, ఇరవై నిమిషాలకొకసారి హుక్ కింద పెట్టడం, ఇవి డబ్బు ఖర్చు లేనివి.

ఊలు కొసల సంగతి కూడా చెప్పాలి. నాలుగు రంగుల చదరమైతే ఎనిమిది కొసలు, ముప్పైకి 240. సూదితో వాటిని లోపలికి దాచడం అల్లిక కంటే ఎక్కువగా వేళ్లను గిల్లి పట్టుకునే పని. మిగిలిన వాటిలో కొన్ని ఒకే రంగులో అల్లండి, కొసని వరసతో పాటు కలిపి అల్లేయండి. అన్నీ కలిపేటప్పుడు బరువు ఒళ్లో వేలాడకుండా బల్ల మీద పరుచుకోండి.

రెండు నెలల్లో పూర్తి చేయాలన్న టెన్షన్ వదిలేయండి. బిడ్డకి ఏడాది నిండే వరకు నిద్రపోయేటప్పుడు విడి దుప్పటి కప్పొద్దని అక్కడి పిల్లల డాక్టర్లు మీ అమ్మాయికి చెప్తారు, పైగా గ్రానీ స్క్వేర్‌లో సందులుంటాయి, చిట్టి వేళ్లు ఇరుక్కోవచ్చు. మెలకువగా ఉన్నప్పుడు పెద్దవాళ్లు పక్కనుండగానే వాడాలి. కాబట్టి ఈ రెండు వారాలు అల్లిక పూర్తిగా ఆపినా బిడ్డకి వచ్చే లోటేమీ లేదు. రిపోర్టులు రాగానే హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్ ఎంత ఉన్నాయో, ఆ పొట్లంలో బిళ్ళల పేర్లేంటో రాసి పంపండి.

(ఇది ఉత్తరంలోని వివరాలను బట్టి ఇచ్చిన సాధారణ సలహా మాత్రమే. చేతిని చూసిన డాక్టరు చెప్పిందే పాటించండి.)