గీత దాటిందా, లేదా?

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లి బయాప్సీ రిపోర్టును కూతురు బీరువాలో బట్టల కింద దాచి, అర్ధరాత్రి లేచి టార్చి వెలుగులో మళ్ళీ చదువుకునే చోట నా గొంతు పట్టేసింది. మూడో భాగానికొచ్చేసరికి మాత్రం కోపం ఆగలేదు. "రొమ్ము క్యాన్సర్ తగ్గింది, ఇప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది" అని డాక్టరు చేత అనిపించావు. రొమ్ములో పుట్టిన కణాలు ఊపిరితిత్తులకు పాకితే అది రొమ్ము క్యాన్సరే. ఎంత దూరం పోయినా దాని ఇంటిపేరు మారదు. మందు కూడా ఆ పుట్టుకను చూసే ఇస్తారు.

క్యాన్సర్ అంటే ఒకటే జబ్బన్నట్టు రాసే కథలంటే నాకు మొదటినుంచీ పడదు. ఒంటిని బయటా లోపలా కప్పి ఉంచే ఎపిథీలియల్ కణాల్లో పుట్టేది కార్సినోమా. చర్మం, నోటి లోపలి పొర, అన్నవాహిక, పాలనాళాలు, మూత్రాశయం లోపలి గోడ, అన్నిచోట్లా ఆ కణాలే. క్యాన్సర్లలో నూటికి 80కి పైగా ఈ జాతివే. పొగైనా ఎండైనా ముందు తగిలేది ఆ పొరకే కదా! అరిగిపోతూ, మళ్ళీ పుడుతూ ఉండే కణాలవి. పుట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒక తప్పు దొర్లవచ్చు. పొగగొట్టాలు తుడిచేవాళ్ళకు వృషణాల చర్మం మీద వచ్చే క్యాన్సర్ పుండుకు మసే కారణమని 1775లోనే పెర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్ రాశాడు. ఏ చర్మానికి ఏది అంటుకుందో చూశాడాయన. కథకుడూ చూడాల్సింది అదే.

గ్రంథుల్లో పుడితే అడినోకార్సినోమా. పలకల్లా పరుచుకున్న కణాల్లో పుడితే స్క్వామస్. చర్మంలో వచ్చే బేసల్ సెల్ కార్సినోమా పుట్టిన చోటు వదిలి పోవడం చాలా అరుదు. మరి అందరి చేతా రక్తం కక్కించి చంపేస్తే ఎలా?

మా అక్క రిపోర్టులో "డక్టల్ కార్సినోమా ఇన్ సిటు" అని చూసి నేను హాస్పిటల్ మెట్ల మీదే కూలబడ్డాను. డాక్టరమ్మ ఆ కాగితం వెనక పెన్నుతో ఒక గుండ్రం గీసింది. లోపల చుక్కలు పెట్టింది. "ఇది పాలనాళం. కణాలు చెడ్డాయి, కానీ ఈ గీత దాటలేదు" అంది. ఆపరేషన్ అయ్యాక అక్క చాలా ఏళ్ళు బతికింది. అదంతా కథగా రాసి పంపితే ఒక వారపత్రిక ఎడిటర్ ఆ గుండ్రాన్ని కొట్టేసి, కార్సినోమాను "మాయదారి రోగం" చేసి, చివర్లో అక్కను చంపేశాడు. పాఠకులకు ఏడుపు కావాలట! అచ్చయిన ఆ కథను అక్కకు చూపించలేకపోయాను.

పోటీకి పంపనా, పేరు మార్చుకోనా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. టార్చి వెలుగులో ఆ పిల్ల చదివిన కాగితంలో ఏముందో నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. ఆ లైను రాసి పంపు.

ఆశీస్సులతో.