పిరమిడ్లు పసిపిల్లలు కట్టారా సార్?

చిట్టీ,

హనుమకొండ బళ్ళో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో నా తర్వాత సోషల్ టీచరువి నువ్వేనని వీధంతా చెప్పుకొచ్చాను. దేశాలను పసివాళ్ళు, కుర్రవాళ్ళు, ముసలివాళ్ళు అంటూ మనిషి వయసులతో పోల్చి మొదటి పాఠం చెబుతావట. అది విన్నాక రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

పటం వెలుతురు పడే చోట తగిలించు. బోర్డుతో మాట్లాడకు, పిల్లలతో మాట్లాడు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను కొత్తగా చేరినప్పుడు ఇన్‌స్పెక్షన్ రోజున ఇదే పాఠం చెప్పాను. బోర్డు మీద మెట్లు గీశాను. పై మెట్టు మీద చేతికర్రతో ఇంగ్లండు, మధ్యలో కండలు తిరిగిన అమెరికా, అడుగున పాకే పిల్లగా ఆఫ్రికా. అది ఒక దేశం కాదన్న సంగతి కూడా ఆ ఊపులో మర్చిపోయాను చూడు! వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "ఈజిప్టు ఆఫ్రికాలోనే కదా, పిరమిడ్లు పసిపిల్లలు కట్టారా సార్?" అన్నాడు. క్లాసు ఘొల్లుమంది. ఇన్‌స్పెక్టరు గారు కూడా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన గేటు దాటేదాకా ఆగి వాడిచేత గోడకుర్చీ వేయించాను. వాడు ఏడవలేదు. కానీ పదో తరగతి అయిపోయేదాకా నా క్లాసులో మళ్ళీ చెయ్యెత్తలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ గుర్తొస్తుంది బిడ్డా.

ఎన్నో ఏళ్ళకు నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) ఒడంబడిక చదివాను. 1919 నాటిది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ, టర్కీల చేతిలోని ప్రాంతాలను గెలిచినవాళ్ళకు అప్పగించే 22వ అధికరణంలో, అక్కడి జనం ఇంకా తమ కాళ్ళ మీద నిలబడలేరని రాసుకున్నారు. నా మెట్ల బొమ్మే అది! ఒక జాతిని పిల్ల అనేస్తే చాలు, పెంపకం పేరుతో ఇంట్లో దూరొచ్చు. మనల్ని మాత్రం అనలేదా?

పాఠం మానెయ్యమనను. కానీ వయసంటే దేని వయసో ముందు తేల్చు. జనం వయసైతే, జపాన్‌లో దాదాపు సగం మంది 49 దాటినవాళ్ళు, మన దేశంలో 28, నైజర్‌లో 15. రాజ్యాంగం వయసైతే లెక్క తలకిందులు: ముసలి జపాన్‌ది 1947లో అమల్లోకి వచ్చింది, కుర్ర అమెరికాది 1789 నుంచీ నడుస్తోంది. అంత దూరమెందుకు? తెలంగాణ రాష్ట్రం 2014లో వచ్చింది, మీ బడి ఊళ్ళోని వేయిస్తంభాల గుడి 1163 నాటిది. మీ ఊరి వయసెంతో పిల్లల్నే అడుగు. ఒక్కొక్కడు ఒక్కో జవాబు చెబితే గొడవ పడనివ్వు. ఇన్‌స్పెక్షన్ ఉన్నా సరే, వెనక బెంచీల వైపు చూడు.

అన్నట్టు, పొద్దున ఏమీ తినకుండా బడికి పరిగెత్తుతున్నావట, మీ అమ్మ చెప్పింది. తిట్టాలనే ఉంది కానీ ఆ రోజుల్లో నేనూ అంతే.

నా పాత గ్లోబు బస్సులో పంపిస్తున్నాను. దాని మీద సోవియట్ యూనియన్ ఇంకా ఉంది, 2011లో వచ్చిన దక్షిణ సూడాన్ లేదు. ఏమేం మారాయో పిల్లలచేత వెతికించు. ఉత్తర ధ్రువం దగ్గర సొట్ట మాత్రం చరిత్ర కాదు, మూడేళ్ళప్పుడు నువ్వు అరుగు మీంచి దొర్లించింది.

మామయ్య