మూడు మ్యాచ్‌లే గెలిస్తే స్కోరు 4-0 ఎలా అయింది?

మీరు వెతుకుతున్న నాలుగో మ్యాచ్ అసలు జరగలేదు. జపాన్ ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో రెండు లీగ్‌లు: పసిఫిక్, సెంట్రల్. ఒక్కో లీగ్‌లో మొదటి మూడు జట్ల మధ్య జరిగే ప్లేఆఫ్‌లే క్లైమాక్స్ సిరీస్. 2024 పసిఫిక్ లీగ్ క్లైమాక్స్ సిరీస్ ఫైనల్ స్టేజ్‌లో నిప్పన్ హామ్ జట్టు మీద సాఫ్ట్‌బ్యాంక్ జట్టు ఆడింది మూడే, గెలిచిందీ మూడే. అప్పటి నియమాల ప్రకారం, లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన జట్టుకు (ఇక్కడ సాఫ్ట్‌బ్యాంక్‌కు) ఫైనల్ స్టేజ్‌లో ఒక గెలుపు ముందే ఇచ్చేశారు. అందుకే 4-0.

ఇలా లెక్కేసుకోండి:

1. ఫస్ట్ స్టేజ్ రెండు, మూడు స్థానాల జట్ల మధ్య. రెండు గెలిస్తే చాలు.

2. అందులో గెలిచిన జట్టు మొదటి స్థానం జట్టుతో ఫైనల్ స్టేజ్ ఆడుతుంది. 2024లో అక్కడ నాలుగు గెలుపులు కావాల్సి వచ్చింది. మొదటి జట్టు పేరు పక్కన ముందే 1 వేసుకోండి. అదే ఏడాది సెంట్రల్ లీగ్‌లో డీఎన్ఏ అనే జట్టు 4-3తో మొదటి స్థానంలోని యోమియురి జెయింట్స్‌ను దాటింది కదా, ఆ 3లో జెయింట్స్ ఆడి గెలిచినవి రెండే. డీఎన్ఏ మూడో స్థానం నుంచి వచ్చి, జెయింట్స్ సొంత మైదానం టోక్యో డోమ్‌లోనే ఆరు మ్యాచ్‌లూ ఆడి నెగ్గడం మామూలు విషయం కాదు.

3. చాలామంది మర్చిపోయేది డ్రా. అదనపు ఇన్నింగ్స్ కలిపి మొత్తం 12 అయ్యాక కూడా స్కోరు సమానమైతే మ్యాచ్ డ్రా, మళ్లీ ఆడించరు. చివరికి గెలుపులు సమానమైతే పై స్థానం జట్టే ముందుకెళ్తుంది. 2014 సెంట్రల్ లీగ్ ఫస్ట్ స్టేజ్ చూడండి: హిరోషిమా మీద హన్షిన్ మొదటిది 1-0తో గెలిచింది, రెండోది 12వ ఇన్నింగ్స్ దాకా వెళ్లినా 0-0. మూడోది హిరోషిమా గెలిచినా 1-1 అవుతుంది, పై స్థానం హన్షిన్‌దే. అందుకే మూడో మ్యాచ్ పెట్టనే లేదు.

రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే జపాన్ సిరీస్‌లో ఈ అదనపు గెలుపు ఉండదు. 2024లో డీఎన్ఏ సాఫ్ట్‌బ్యాంక్ మీద 4-2తో నెగ్గిందంటే అన్నీ మైదానంలో ఆడి గెలిచినవే.