నడుము డిస్క్ ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపితే రోగికి లాభమేనా?

నడుము అడుగున, ఎల్5–ఎస్1 అనే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌కి పొద్దున ఆపరేషన్ చేసి సాయంత్రానికే పంపేస్తామన్నారని, ఇది మీ నాన్నగారి కోసమా లేక బెడ్ ఖాళీ చేయించడానికా అని అడిగారు. ఆయన కోసమే. బెడ్ చార్జీ మిగలడం చిన్న సంగతి, ఆ రోజే లేచి నడవడం అసలు లాభం. ఒక్క డిస్క్‌కి చేసే ఈ ఆపరేషన్‌లో (మైక్రోడిస్కెక్టమీ) కోత రెండు మూడు సెంటీమీటర్లే. నరాన్ని నొక్కుతున్న ముక్కను తీసేస్తారు, స్క్రూలు, రాడ్లు ఉండవు. త్వరగా లేచి నడక మొదలుపెడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది, పేగులూ కదులుతాయి. చూడ్డానికొచ్చిన చుట్టాలు "నెల రోజులు మంచం దిగకు" అంటారు, దయచేసి వినకండి. కండరాలు కరిగిపోయేది ఆ సలహా వల్లే.

అసలు జాగ్రత్తంతా ఆ సాయంత్రం, ఆ రాత్రి. తిన్నది వాంతి కాకుండా నిలవాలి, బాత్‌రూమ్ దాకా నడవాలి, మూత్రం పోయాలి. ఈ మూడోది కాకుండా ఆసుపత్రి గడప దాటొద్దు. మత్తుమందు ప్రభావంతో, ముఖ్యంగా ప్రోస్టేట్ పెరిగిన మగవాళ్లకు, మూత్రం బిగుసుకోవచ్చు. అది చూసుకోకుండా వస్తే అర్ధరాత్రి పొత్తికడుపు ఉబ్బి కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) కోసం పరుగెత్తాల్సిందే.

కోత దగ్గర ఇచ్చిన తిమ్మిరి మందు కొన్ని గంటల్లో దిగిపోతుంది. చాలామంది "ఇప్పుడు నొప్పి లేదుగా" అని మొదటి మాత్ర మానేసి, రాత్రి విలవిల్లాడతారు. రాసిచ్చిన వేళకే వేయండి. అందులో ట్రమడాల్ అనే నొప్పి మందు ఉంటే మలబద్ధకం రావచ్చు, ముక్కితే నడుం పట్టేస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే సిరప్ కూడా రాయమని అడగండి. ఇంట్లో నేల మీద కూర్చునే లెట్రిన్ అయితే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోండి. మంచం మీంచి నేరుగా లేవకూడదు. నడుం మెలిపడకుండా పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ మోచేతి మీద బలం వేసి లేవాలి.

తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగినా, పాదం పైకి లేవకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే తీసుకెళ్లండి. కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వచ్చినా, కోత నుంచి నీళ్లలాంటిది కారినా అదే రోజు డాక్టరుకు చెప్పండి. అందుకే ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ వచ్చి చేయించుకునేవాళ్లు అదే రాత్రి తిరుగు ప్రయాణం కట్టకూడదు. ఆసుపత్రికి దగ్గర్లో ఒకట్రెండు రాత్రులు గది తీసుకోవాలి. గుండె జబ్బో, నిద్రలో ఊపిరి ఆగే జబ్బో ఉన్నా, ఇంట్లో తోడు లేకపోయినా ఆ రాత్రి వార్డులో ఉండటమే మేలు.

ఒక్కరోజులో అయిపోతుంది కదా అని తొందరపడి చేయించుకోవడం మాత్రం తప్పు. డిస్క్ జారి కాలు గుంజే నొప్పి ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతోనే తగ్గుతుంది. కాలు బలం తగ్గుతుంటే వేరే సంగతి.

ఇన్సూరెన్స్ ఉంటే ఆపరేషన్‌కి ముందే కంపెనీతో మాట్లాడండి. పాలసీలో 24 గంటల అడ్మిషన్ నిబంధన ఉన్నా డే కేర్ (చేరి ఒక్కరోజులోపే వెళ్లిపోయే) చికిత్సలకు మినహాయింపు ఉంటుంది, ఓపీడీ (చేరకుండా చూపించుకుని వెళ్లే) బిల్లుకు మాత్రం మామూలు పాలసీలో పైసా రాదు. డిశ్చార్జ్ సమ్మరీలో డే కేర్ అని, చేరిన టైము, వెళ్లిన టైము, ఇచ్చిన మత్తు రకం రాయించుకుని, సంతకం చూసుకున్నాకే బయల్దేరండి.