టెక్నోకి దరువు ఉంటుందా?

సందేహం: గురువుగారికి నమస్కారం. బోనాల డప్పులనీ తీన్‌మార్‌నీ రికార్డు చేసి మినిమల్ టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతంలో కలుపుతున్న ఒక హైదరాబాద్ కుర్రాడి గురించి పత్రికలో చదివాను. అతన్ని 'వర్ధమాన ఎలక్ట్రానిక్ నిర్మాత' అన్నారు, అతని పాటల్ని 'టెక్నో దరువులు' అన్నారు. దరువంటే యక్షగానంలో పాడే పాట అని చదువుకున్నాను. మెషిన్ మోతని దరువు అనవచ్చా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: నిర్మాత అనగానే తెలుగువాడికి సినిమాకి డబ్బు పెట్టే మనిషి గుర్తొస్తాడు. ఈ అబ్బాయి చప్పుళ్లు ఏరి, కోసి, అతికించి పాట కడుతున్నాడు. ప్రొడ్యూసర్ అనే రాస్తే సరిపోయేది. నిఘంటువులో దొరికిన మొదటి మాటని తెచ్చి అతికించడం పత్రికలకి ఈమధ్య బాగా అలవాటైంది, మానుకుంటే మంచిది.

దరువు విషయంలో మాత్రం ఆ పత్రికని తప్పు పట్టలేను. సంస్కృతంలోని 'ధ్రువా' నుంచి ఈ మాట వచ్చిందన్న మాటే నాకు సబబుగా తోస్తుంది. శ్రీ సిరి అయినట్టే ఇక్కడ కూడా జంట హల్లు మధ్య అచ్చు చేరింది. భక్తి బత్తి అయినట్టు 'ధ'కి ఉన్న ఒత్తు పోయింది. ధ్రువలు భరతుడి నాట్యశాస్త్రంలోవి, నాటకంలో సందర్భాన్ని బట్టి పాడే పాటలు. ప్రావేశికి, ఆక్షేపికి, ప్రాసాదికి, ఆంతర, నైష్క్రామికి అని అయిదు రకాలు. పాత్ర రంగం మీదికి వచ్చేటప్పుడు పాడేది ప్రావేశికి. మన కూచిపూడివాళ్లు సత్యభామ తెర దాటి వచ్చేటప్పుడు పాడేదాన్ని ఏమంటారు? ప్రవేశ దరువు! శాస్త్రంలోని మాటా, పనీ రెండూ మన వీధి భాగవతంలో అలాగే నిలిచాయి. అంత పాత మాటని మన పల్లెలు నోట నిలుపుకున్నాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మరి పాటకున్న ఈ పేరు డప్పు దెబ్బకి ఎలా వచ్చింది? ధ్రువం అంటే కదలనిది, నిలకడైనది. పాటలో మళ్లీమళ్లీ వచ్చి నిలబెట్టే భాగం మీదినుంచి, ఆ పాటని నడిపించే తాళం దెబ్బ మీదికి పేరు జారి ఉంటుందని నా ఊహ. డప్పు కళాకారులు చావు దరువు, పెళ్లి దరువు, జాతర దరువు అని దేనికదే వేరుగా చెబుతారు. కుడిచేతి సిర్ర, ఎడమచేతి చిటికెన పుల్ల కలిసి ఒకే వరసని ఎంతసేపైనా నిలబెడతాయి. మినిమల్ టెక్నో చేసేదీ అదే. 1990ల మొదట్లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రాబర్ట్ హుడ్ లాంటి సంగీతకారులు పాటలోంచి అలంకారాలన్నీ తీసేసి, కదలని ఒక దెబ్బనీ, దాని చుట్టూ కొద్దికొద్దిగా మారే చప్పుళ్లనీ మిగిల్చారు. ధ్రువం అన్న మాటకి ఇంతకన్నా దగ్గరి అర్థం ఏముంటుంది? ఒకే ముక్క మళ్లీమళ్లీ తిరగడాన్ని వాళ్లు లూప్ అంటారు, దానికి మన దగ్గర ఆవర్తనం ఉంది.

ఉత్సవ ధ్వనిని కావ్యంలోకి తేవడం మనకి కొత్త కాదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం నడిచివెళ్లే జనం పాటల్ని పేరుపేరునా చెప్పాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు. గద్యపద్యాల కంటే జానుతెనుగు, అంటే జనం మాట్లాడే తేట తెలుగు, అందరిదీ అని, ద్విపదని ఎంచుకున్నాడు. ద్విపద కూడా రెండు పాదాలు తిరిగి తిరిగి వచ్చే నడకే. జాతర చప్పుడుని 'మాస్ బీట్' అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్లు సోమన చేసిన ఆ పట్టికని ఒక్కసారైనా చదవాలి.

 

కాబట్టి 'టెక్నో దరువు' నాకు ఇబ్బందిగా లేదు. యక్షగాన పండితులు ఒప్పుకోకపోవచ్చు, వాళ్ల పట్టుదలకీ కారణం ఉంది. 'బీట్' అన్నా దోషం లేదు. నాకు నచ్చనిదల్లా ఏ డప్పు మోగినా ఉత్త 'దరువులు' అని రాసెయ్యడం. ఆ అబ్బాయి రికార్డు చేసిన దరువు ఏదో వాయించినాయన్ని అడిగి, దాని పేరుతోనే రాసి ఉండాల్సింది.