మౌస్ నా చేతిలో, మాట మాత్రం అందరిదీ

ప్రశ్న: విజువల్ కమ్యూనికేషన్ మూడో ఏడాది చదువుతున్నాను. అయిదుగురం కలిసి షార్ట్ ఫిల్మ్ తీశాం. నా ల్యాప్‌టాప్‌లో డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌తో ఓపెనింగ్ ఎడిట్ చేస్తుంటే నలుగురూ వెనక నిలబడి తలో మాటా అంటారు. రెండు నిమిషాలు అనుకున్నది మూడున్నర దాటింది. డైరెక్షన్ చేసిన నా స్నేహితురాలు కోపంతో హార్డ్‌డిస్క్ తీసుకెళ్లింది. అందులో ఎడిట్ లేదని, నేనే చెరిపేశానని అంటోంది. మా మధ్య మాటల్లేవు. ఇంకా పది రోజులే గడువు. గ్రూపు వదిలేయనా?

జవాబు: వదలకండి. ముందు మీమీద పడిన నింద సంగతి తేల్చుకోండి. హార్డ్‌డిస్క్‌లో ఉన్నది ఫుటేజ్, అంటే కెమెరాతో తీసిన వీడియో ఒక్కటే. మీరు చేసిన కట్స్ రిజాల్వ్ డేటాబేస్‌లో, అంటే మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. ఎవరూ ఏదీ చెరపలేదు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ కొడితే డీఆర్‌పీ ఫైల్ (మీ ఎడిట్ వివరాలుండే ప్రాజెక్ట్ ఫైల్) వస్తుంది, అది ఆమెకు పంపండి. క్లిప్పులు ఎర్రగా ‘మీడియా ఆఫ్‌లైన్’ అని కనిపిస్తే భయపడొద్దనండి. కంప్యూటర్‌లో హార్డ్‌డిస్క్ డ్రైవ్ అక్షరం E నుంచి Fకి మారినా అలాగే అవుతుంది, రీలింక్ కొట్టి ఫుటేజ్ ఉన్న ఫోల్డర్ చూపిస్తే చాలు. ఆమె దగ్గర రిజాల్వ్ పాత వెర్షన్ ఉంటే మాత్రం కొత్తదాంట్లో చేసిన ప్రాజెక్ట్ తెరుచుకోదు. ‘కారణం దొరికింది, రేపు వచ్చి సరిచేస్తా’ అని ఒక్క మెసేజ్ పెట్టండి. మాటలు మళ్లీ మొదలవడానికి సంజాయిషీలకన్నా అదే మేలు.

ఇక వెనక నిలబడడం ఆగాలి. మీకు బాధ కలిగిస్తున్నది వాళ్ల అభిప్రాయాలు కావు, మిమ్మల్ని బటన్లు నొక్కే మనిషిగా చూడడం. అందరూ కూర్చుని ఓపెనింగ్‌ను ఆపకుండా ఒకసారి చూడండి. ఎవరి కాగితం మీద వాళ్లు టైమ్‌కోడ్ (ఎన్నో నిమిషం, ఎన్నో సెకనో) వేసి ఇబ్బంది ఏమిటో మాత్రమే రాయాలి. ‘0:47, ఇది ఎవరి ఇల్లో తెలియలేదు’ అని రాయొచ్చు. ‘ఆ షాట్ తీసెయ్’ అని రాయకూడదు. ఎందుకంటే 0:47 దగ్గర కలిగిన అయోమయానికి కారణం చాలాసార్లు ముందే ఉంటుంది. 0:20లో గుమ్మం షాట్ పన్నెండు ఫ్రేములే ఉందనుకోండి, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన అది అర సెకను. చూసేవాళ్ల కంటికి ఆనదు. దాన్ని రెండు సెకన్లు ఉంచితే తర్వాతి షాట్ జోలికి వెళ్లనక్కర్లేదు. కాగితాలు తీసుకుని మీరొక్కరే కూర్చోండి. మార్చేముందు ప్రతిసారీ టైమ్‌లైన్‌ను (షాట్లు వరసగా పేర్చిన ఎడిట్‌ను) డూప్లికేట్ చేసి, తేదీ, నంబరు వేయండి. పాతది భద్రంగా ఉందని తెలిస్తే వాదనల్లో వేడి సగం తగ్గుతుంది.

నిడివి పెరిగిపోవడానికి సాధారణ కారణం, కష్టపడి తీసిన షాట్ మీద మమకారం. తెల్లవారుజామున లేచి సూర్యోదయం తీసిన కెమెరామన్‌కి అది ఇరవై సెకన్లూ ఉండాలనిపిస్తుంది. ఆ కష్టం ప్రేక్షకుడికి కనబడదు, అతనికి కథే కావాలి. ఆ మాట మెత్తగా చెప్పి, పూర్తి షాట్ అతని షోరీల్ (తన పని చూపించుకునే వీడియో) కోసం విడిగా ఇవ్వండి. పాట కూడా ఇప్పుడే వేయకండి, సాగతీత అంతా దాని కింద దాక్కుంటుంది.

కథ విషయంలో చివరి మాట డైరెక్టర్‌దే, ఒప్పుకోండి. కోత ఎక్కడ పడాలన్నది మీ పని, అది ఆమె ఒప్పుకోవాలి. తేలకపోతే రెండు వెర్షన్లూ సినిమాతో సంబంధం లేని ముగ్గురికి చూపించండి. ‘బాగుందా’ అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ‘ఈ అమ్మాయి ఎవరు, ఎక్కడికి వెళ్తోంది’ అని అడగండి.

గడువుకి నాలుగు రోజుల ముందు పిక్చర్ లాక్ చేయండి, అంటే ఇక కట్స్ మార్చకూడదని తేల్చేయండి. ఆ తర్వాత మొదట్లో ఒక్క ఫ్రేము తీసినా సౌండ్ చేసేవాళ్లు పెట్టిందంతా పక్కకు జరిగి బొమ్మతో కలవకుండా పోతుంది. టైటిల్స్‌లో ఎవరి పేరు ఏ పని కింద రావాలో ఆరోజే రాసుకోండి. ఎడిటింగ్ కింద మీ పేరుండాలని అడగడానికి మొహమాటపడకండి. ఈలోగా ఆమె విడిగా ఏమైనా కట్ చేసి ఉంటే, మధ్యలో మాట్లాడకుండా చివరిదాకా చూడండి. మీదానికన్నా బాగున్న కట్ ఒక్కటి కనిపించినా మీ టైమ్‌లైన్‌లోకి తీసుకుని, తీసుకున్నానని అందరి ముందూ చెప్పండి.